వినపడని దగ్గు

"ప్రేమ ఉన్నచోట వచ్చే కోపం కూడా తప్పేనా అయ్యవారూ?" అని అడిగాడు తిమ్మారెడ్డి.

ఆ అడగడంలోనే కోపం ఉంది. అతనికి ఇంకా బడికి పోని కొడుకు ఉన్నాడు. ఏడాదిగా ఆ పిల్లవాణ్ణి జ్వరం పట్టుకుని వదలడం లేదు. ఆ ఉదయం ఆసుపత్రిలో సూది సరిగా వేయలేదని నర్సు మీద కేకలేశాడు. ఇంటికొచ్చి, బిడ్డను చన్నీళ్లలో ఆడనిచ్చావని భార్య మీద కేకలేశాడు. ఆ వేడి చల్లారకముందే మఠానికి వచ్చి గురువుగారి ముందు కూర్చున్నాడు. "నేను అరిచింది నా కోసం కాదు. నా బిడ్డ కోసం. బిడ్డకు బాగలేకపోతే నవ్వుతూ కూర్చునేవాడు తండ్రేనా?" అన్నాడు.

డోన్ దాటాక రోడ్డు పక్కన రేకుల కప్పుతో ఉండే చిన్న మఠం అది. అక్కడి గురువు చెన్నబసవయ్యగారికి వాదించే అలవాటు లేదు. ఎవరేమడిగినా ఔననేవారు కాదు, కాదనేవారు కాదు. తానెరిగిన వాళ్లకు జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. దాంతో తృప్తిపడక విసుక్కుని లేచిపోయిన వాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన తిమ్మారెడ్డికి చెప్పిన సంగతి ఇది.

బేతంచెర్లలో మద్దిలేటి అని ఒకడుండేవాడు. బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను మీద పని. పొద్దున ఇంటి నుంచి నల్లగా వెళ్లి సాయంత్రం తెల్లగా వచ్చేవాడు. వెంట్రుకల్లో, కనుబొమల్లో, చొక్కా మడతల్లో అంతా రాతి పొడే. అతని భార్య సుంకులమ్మ. వాళ్లకు ఒక్కతే కూతురు చందన, అయిదేళ్ల పిల్ల. సాయంత్రమయ్యేసరికి వాకిట్లో నిలబడి, తండ్రి కనపడగానే పరుగెత్తుకెళ్లి కాళ్లకు చుట్టుకునేది.

ఒక చలికాలం ఆ పిల్లకు దగ్గు పట్టుకుంది. జలుబనుకున్నారు. వీధి చివర ఆర్ఎంపీ ఇచ్చిన సిరప్పు తాగించారు. దగ్గు తగ్గలేదు సరిగదా, పరుగెత్తితే ఆయాసం, పడుకుంటే పిల్లికూతలు. డొక్కలు ఎగరేస్తూ పిల్ల లేచి కూర్చునేది. చివరికి టౌనుకు తీసుకెళ్లి పిల్లల డాక్టరు షమీమ్ గారికి చూపించారు. ఆమె పరీక్ష చేసి ఉబ్బసమని చెప్పింది. పీల్చే మందు ఇచ్చి, దగ్గు ఉన్నా లేకున్నా రోజూ వాడాలంది. "ఇంట్లో దుమ్ము లేకుండా చూసుకోండి" అని కూడా అంది.

ఆ మాట ఆమె అందరికీ చెప్పేదే. కానీ మద్దిలేటికి ఆమె తన చొక్కా వైపు చూసి అన్నట్టు తోచింది. తన బిడ్డ ఊపిరిని తానే పాడుచేస్తున్నాడా అన్న ఆలోచనను అతను భరించలేకపోయాడు. ఇంట్లో కాలు పెట్టగానే, "మబ్బు పట్టిన పూట పిల్లకు పెరుగన్నం పెట్టమని నీకెవరు చెప్పినారు?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

సుంకులమ్మ పడి ఉండే మనిషి కాదు. "నా పెరుగన్నం అడగడానికి ముందు నీ చొక్కా విదిలించి చూసుకో. దోసెడు పొడి రాలుతాది" అంది.

అతనికి తగలకూడని చోట తగిలింది. తనలో తాను అనుకుంటున్న మాటనే ఆమె పైకి అనేసింది.

అక్కడి నుంచి ఆ ఇంట్లో పిల్ల దగ్గిన ప్రతిసారీ ఒక తగాదా. తలస్నానం ఎందుకు చేయించావని అతను, ఆ బట్టలతో పిల్లను ఎందుకు ఎత్తుకున్నావని ఆమె. మందు మరిచిపోయావని ఒకరు, మరిచిపోయింది నువ్వేనని ఇంకొకరు. పీల్చే మందు అలవాటైతే జన్మంతా వదలదని ఇరుగుపొరుగు అన్నారు. ఆ మాట మీద ఒక రోజంతా పోట్లాడుకున్నారు. ఆసుపత్రికి వెళ్లిన రోజులైతే మరీ అన్యాయం. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోవాలి. తమ తర్వాత వచ్చినవాళ్లు ముందు లోపలికి వెళితే మద్దిలేటి చీటీలు పిలిచే అమ్మాయి మీద ఎగిరేవాడు. ఆమె తిరిగి అరిచేది. తీరా లోపలికి వెళ్లాక డాక్టరు, "మందు రోజూ వాడుతున్నారా?" అని అడిగితే భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. డాక్టరు ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టేది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నలుగురూ వింటారని గొంతు తగ్గించి, పళ్లు బిగించి తిట్టుకునేవారు. పిల్ల వాళ్లిద్దరి మధ్య కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ల నోటి వైపు చూస్తూ ఉండేది.

ఇందులో ఒక్క మాట మాత్రం నిజం. వాళ్లిద్దరికీ ఆ పిల్లంటే ప్రాణం. బిడ్డ కోసం కాకపోతే వాళ్లు అంత పోట్లాడుకునేవారే కాదు.

ఫ్యాక్టరీలో ఎవరో చెప్పగా మద్దిలేటి కొండ పక్కనున్న ఒకాయన దగ్గరికెళ్లి ఆకు పసరు తెచ్చాడు. అది తాగిస్తే మూడు పూటల్లో దగ్గు పోతుందట. సుంకులమ్మ ఒప్పుకోలేదు. "డాక్టరమ్మను అడగకుండా తాగించేది లేదు" అని అడ్డం నిలబడింది.

"ఇన్నాళ్లూ ఆమె చెప్పినట్టే విన్నాం గదా. ఏం తగ్గింది? ఆమెకు మనం మళ్లీ మళ్లీ రావాల. నీకు నా మాట కాదనాల. అంతేగానీ పిల్ల ఎవరికీ పట్టలేదు" అని మద్దిలేటి పీల్చే మందు తీసి గోడకేసి కొట్టాడు. డబ్బా పగిలి మూలకు దొర్లిపోయింది. సుంకులమ్మ చేతిలో ఉన్న చెంబును నేలకేసి కొట్టింది.

చందన లేచి వచ్చి, పసరు గిన్నె రెండు చేతులతో పట్టుకుని, ఒక్క గుక్కలో తాగేసింది. చేదుకు మొహం కూడా చిట్లించలేదు.

ఆ సాయంత్రం నుంచి పిల్ల దగ్గలేదు.

మరునాడూ దగ్గలేదు. ఆ తర్వాతా దగ్గలేదు. మద్దిలేటి ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్నాడు. సుంకులమ్మ కూడా ఇక కాదనలేకపోయింది. పిల్ల ఆటకు పోకుండా గోడకానుకుని కూర్చుంటోందని ఆమెకు అనిపించింది గానీ, జబ్బుపడి లేచిన నీరసమేమో అనుకుంది. తండ్రి వచ్చే వేళకు వాకిట్లో పరుగులు కూడా లేవు. పెద్దదవుతోంది, బుద్ధి వస్తోంది అనుకున్నారు.

మళ్లీ చూపించవలసిన రోజు వచ్చింది. దగ్గే లేనప్పుడు వెళ్లనవసరం లేదని సుంకులమ్మ అంది. మద్దిలేటి మాత్రం వెళ్లి తీరాలన్నాడు. మందు కోసం కాదు. ఆ డాక్టరుకు మొహం మీద చెప్పడానికి. ఇన్నాళ్లు తిన్న చీవాట్లన్నీ ఆ రోజు తిరిగి ఇచ్చేద్దామని తీర్మానించుకున్నాడు. లోపలికి వెళ్లీ వెళ్లగానే నిలబడే మొదలుపెట్టాడు. "చదువు లేనోడు ఇచ్చిన ఆకు పసరుకు పోయింది మేడం, మీ దగ్గు. మీరైతే ఏండ్ల తరబడి తిప్పుకునేవాళ్లు. ఈ మాట చెప్పిపోదామనే వచ్చినా."

అతను మాట్లాడుతుండగానే డాక్టరు పిల్లను దగ్గరికి తీసుకుని వీపు మీద స్టెతస్కోపు పెట్టింది. ఒకచోట విని, ఇంకొకచోట పెట్టింది. "కాసేపు మాట్లాడకండి" అంది. ఆ గొంతు విని మద్దిలేటి ఆగిపోయాడు. ఆమె నర్సును పిలిచి, పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, ఆవిరి పట్టే మిషను పెట్టించింది.

కొంతసేపటికి మందు లోపలికి దిగి ఊపిరి గొట్టాలు తెరుచుకున్నాయి. అడుగున పేరుకున్నదంతా కదిలి దగ్గు పైకి తన్నుకొచ్చింది. చందన వెంటనే మొహం మీది మాస్కు లాగేసి, గౌను అంచు పిడికిలితో నోట్లో కుక్కుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది గానీ చప్పుడు లేదు. ఆ కళ్లు డాక్టరు వైపు లేవు. తల్లి వైపూ లేవు. తండ్రి మొహం మీదే ఉన్నాయి.

డాక్టరు ఆ గుడ్డను మెల్లిగా బయటికి తీసింది. గౌను అంచు పొడుగునా పళ్ల గాట్లు. కొన్నిచోట్ల కొరికి కొరికి చిల్లులు పడ్డాయి.

"ఎందుకమ్మా నోరు మూసుకుంటున్నావు?" అని అడిగింది.

"నేను దగ్గను" అంది చందన. ఊపిరి తీసుకుని మళ్లీ చెప్పింది. "దగ్గితే నాన్న అమ్మను తిడతాడు. అమ్మ నాన్నను తిడతాది. నాకు దగ్గు లేదు."

డాక్టరు కోపంతో లేచి నిలబడింది. "ఈ పిల్లకు దగ్గు తగ్గలేదు. మీకు వినపడకుండా దగ్గడం నేర్చుకుంది. ఇన్నాళ్లూ ఊపిరాడక ఒక్కతే అల్లాడింది. ఇంకొంచెం ఆలస్యమైతే..." అని, పిల్ల వింటోందని గుర్తొచ్చి ఆపేసింది.

మద్దిలేటి మొహం నల్లబడింది. అతను గిరుక్కున భార్య వైపు తిరిగి, "ఇంట్లో ఉండేదానివి, నీకు కనపడలే—" అన్నాడు.

బల్ల మీద చందన గౌను అంచు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

అతను అది చూశాడు. మాట సగంలో నిలిచిపోయింది. ఆ మిగిలిన సగం ఎటూ పోలేక అతని గొంతులోనే ఉండిపోయిందని సుంకులమ్మ తర్వాత అయ్యవారితో చెప్పింది. అతను బయటికి వెళ్లి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. బండల మీద, మిషను మీద, యజమాని మీద, పసరు ఇచ్చినవాడి మీద, తన మీద, దేవుడి మీద అతనికి పట్టరాని కోపంగా ఉంది. అది పెట్టుకోవడానికి ఎక్కడా చోటు కనపడలేదు. పిల్లను అక్కడే చేర్చుకుని ఆక్సిజన్ పెట్టారు. సుంకులమ్మ మెట్ల దగ్గరికి వచ్చి, "నన్ను తిట్టాలనుంటే ఇక్కడ తిట్టి లోపలికి రా. అక్కడొద్దు" అంది. అతను తిట్టలేదు. క్షమించమనీ అనలేదు. లేచి లోపలికి వచ్చి పిల్ల కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

పిల్ల ఇంటికి వచ్చింది. మద్దిలేటి ఫ్యాక్టరీ కుళాయి దగ్గరే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని ఇల్లు చేరడం మొదలుపెట్టాడు. పీల్చే మందు ఇద్దరూ కలిసి ఇప్పించేవారు. ఊపిరి తేలికైంది. కానీ దగ్గు మాత్రం పిల్ల మింగుతూనే ఉంది. లోపలి కఫం బయటికి రావాలి, దగ్గించండని డాక్టరు చెప్పింది. "దగ్గమ్మా, ఏమనంలే" అని బతిమాలేవారు. "నాకు దగ్గు లేదు" అనేది. పెద్దవాళ్ల మాట మీద ఆ పిల్లకు నమ్మకం పోయింది.

రాతి పొడి వల్ల మద్దిలేటికీ దగ్గు ఉండేది. ఇన్నాళ్లూ సిగ్గుపడి బయటికి పోయి దగ్గి వచ్చేవాడు. ఒక రోజు అన్నం ముందు ఆపుకోలేక దగ్గాడు. చందన చప్పున తల్లి మొహం చూసింది. సుంకులమ్మ ఏమీ అనకుండా నీళ్ల గ్లాసు అతని ముందు పెట్టింది. ఆ తర్వాత అతను దగ్గొస్తే బయటికి పోలేదు. దగ్గినప్పుడల్లా ఆమె నీళ్లిచ్చేది. పిల్ల తినడం ఆపి, చివరిదాకా చూసేది. ఏమీ జరగలేదని రూఢి అయ్యాక మళ్లీ ముద్ద కలుపుకునేది.

ఇలా కొంతకాలం గడిచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మద్దిలేటి ఫ్యాక్టరీ నుంచి మండిపోతూ వచ్చాడు. పొడి తక్కువుండే లోడింగ్ పనికి మార్చమని అడిగితే సూపర్‌వైజరు నలుగురిలో నవ్వులపాలు చేశాడట. గడపలోనే నిలబడి వాణ్ణీ, వాడి వంశాన్నీ, ఫ్యాక్టరీనీ కలిపి తిట్టడం మొదలుపెట్టాడు. ఇల్లంతా మోగిపోతోంది. సుంకులమ్మ, చందన అన్నం తింటున్నారు. ఆ తిట్ల మధ్యలో చందన దగ్గింది.

నోటికి ఏమీ అడ్డం పెట్టుకోలేదు. గొంతు నిండా, ఖంగుమని దగ్గింది.

మద్దిలేటి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సుంకులమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. సుంకులమ్మ నీళ్ల గ్లాసు జరిపింది. చందన తాగింది. తర్వాత ఇంకోసారి దగ్గింది. ఈసారి అవసరం కంటే కొంచెం గట్టిగానే దగ్గింది. మద్దిలేటి మెల్లిగా లోపలికి వచ్చి పిల్ల పక్కన కూర్చుని, సూపర్‌వైజరుకు ఇంకా మిగిలిన తిట్లు గొంతు తగ్గించి పూర్తిచేశాడు.

చెన్నబసవయ్యగారు అక్కడితో ఆపారు. తిమ్మారెడ్డిని మాత్రం అతని ప్రశ్న వదల్లేదు.

"అంత జరిగినా మద్దిలేటికి కోపం పోలేదన్నమాట" అన్నాడు.

"కోపం పోయిందని నేను చెప్పలేదు నాయనా" అన్నారు అయ్యవారు. "పిల్ల దగ్గిందని చెప్పాను."