మహారాజు ట్యాంకు సంచి

గుమ్మడిదుర్గాన్ని ఏలిన చండవేగ భూపతికి ఒక మోటారుసైకిల్ ఉండేది. రాజుల కాలంలో మోటారుసైకిల్ ఎక్కడిదని అడక్కండి. ఉండేది, అంతే. గండభేరుండం ఉందంటే నోరు మూసుకుని నమ్ముతారు, ఈ బండి దగ్గరకొచ్చేసరికే వస్తాయి మీకు అనుమానాలు!

ఒకనాడు నిండు కొలువులో రాజుగారికి బుద్ధి పుట్టింది.

"నలభై రోజులు బండి మీద దేశమంతా చూసొస్తాను. కిరీటం, తాంబూలం, మారు పంచెలు పెట్టుకోవడానికి సంచి కావాలి. మూట వెనక కట్టుకుపోతే జనం దొంగనుకుంటారు. నా కళ్ళెదుటే, పెట్రోలు ట్యాంకు మీద కూర్చోవాలి. ఎవరు తెస్తారో తెండి!"

మూడోనాటికి రెండు సంచులొచ్చాయి.

ఒకటి జీనులు కుట్టే పోలయ్యది. గుర్రాల వీపులు కొలిచిన చేయి కదా, ముందు బండిని కొలిచాకే కత్తెర పట్టాడు. సంచి జానెడున్నర ఉంటుందేమో. ట్యాంకు రంగు గీసుకుపోకుండా అడుగున మెత్తటి గుడ్డ, జారిపోకుండా నాలుగు పట్టీలు, వానకు మైనపు గుడ్డ తొడుగు. దారిపటం పెట్టుకోవడానికి పైన లోపలిది కనిపించే జేబు కూడా కుట్టాడు. పెట్రోలు పోయించాలంటే రెండు పట్టీలు ఊడదీసి పక్కకి వాలిస్తే చాలు.

రెండోది అలంకారాల మంత్రి వల్లభామాత్యుడిది. రాజుగారి తలపాగా చుట్టాలన్నా, గుర్రం తోక దువ్వాలన్నా ఆయన చేయి పడాల్సిందే. ఆ సంచిని నలుగురు మోసుకొచ్చారు. ముఖమల్ గుడ్డ, జరీ అంచు, ముత్యాల కుచ్చులు, పదకొండు అరలు. కిరీటానికో అర, వింజామరకో అర, ఆవకాయ జాడీకి ఏకంగా రెండు.

రాజుగారు పోలయ్య సంచిని చిటికెన వేలికి తగిలించుకుని ఊపారు.

"ఏమిరా పోలయ్యా, ఇది రాజు సంచా, వక్కాకు తిత్తా?"

సభ కిసుక్కుమంది.

"కావలసినవన్నీ పడతాయి ప్రభూ. ఆ పెద్దది పెడితే హ్యాండిల్ తిరగదు," అన్నాడు పోలయ్య.

బండిని కొలువులోకే తెప్పించి పెట్టి చూశారు. నిజమే. ఎడమకు తిప్పితే ఆవకాయ అర అడ్డం, కుడికి తిప్పితే కిరీటం అర అడ్డం. హ్యాండిల్ బిర్రబిగుసుకు కూర్చుంది.

వల్లభామాత్యుడు తడబడ్డాడనుకున్నారా? అబ్బే!

"మహారాజులు పక్కకి తిరగడమేమిటి ప్రభూ, అప్రతిష్ఠ కాదూ! దారులే తిన్నగా ఉండాలి. కోటగుమ్మం దాటగానే జీనుల వీధి మలుపుంది. అక్కడి ముప్పై కొంపలూ రేపు కూలగొట్టిస్తే సరి!"

"భేష్! కానివ్వండి," అన్నారు రాజుగారు.

ఆ ముప్పైలో ఒకటి పోలయ్యదే. మొన్ననే కప్పు నేయించాడు. ఇంట్లో భార్య నిండు చూలాలు, నేడో రేపో అన్నట్టుంది. అయినా పైకి మాత్రం చేతులు కట్టుకుని నవ్వాడు.

"దివ్యంగా ఉంది మంత్రిగారూ. ఒక్క సందేహం. ఎటూ తిరగకుండా పోతే, ప్రభువులు మళ్ళీ కోటకెలా వస్తారు?"

రాజుగారు కూడా వల్లభుడి కేసి చూశారు.

"భూమి గుండ్రంగా ఉందోయ్ మొద్దూ! తిన్నగా పోతే వెనక గుమ్మానికే తేల్తారు."

"ఎన్నాళ్ళకు?" అన్నాడు పోలయ్య.

"ఎంత, మూడేళ్ళు. వానలు పడితే నాలుగు."

"దారిలో సముద్రాలూ?"

"వంతెనలు కట్టిస్తాం."

"మరి అన్నాళ్ళూ రాజ్యం ఎవరు చూస్తారండీ?"

వల్లభామాత్యుడు ఉత్తరీయం సర్దుకున్నాడు. "ఎవరో ఒకరు చూడాలి కదా," అని కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు.

అంతే! పోలయ్య రాజుగారికి వీపు చూపించి, వల్లభామాత్యుడి కాళ్ళ మీద సాష్టాంగపడ్డాడు.

"మహాప్రభో! మా ఇళ్ళ సంగతి ఇక తమరే చూడాలి!"

"దీర్ఘాయుష్మాన్ భవ," అని చేయెత్తేశాడు వల్లభుడు.

కొలువులో ఉండేవాళ్ళకి ఇలాంటివి ఇట్టే అర్థమవుతాయి. సేనాపతి చిన్నగా దగ్గుతూ లేచి వల్లభుడి పక్కకెళ్ళి నిలబడ్డాడు. పురోహితుడు అక్షింతలతో పరిగెత్తాడు. ఆస్థానకవి రాజుగారి మీద రాసిన పద్యంలో గబగబా పేరు కొట్టేసి వల్లభుడి పేరు రాసుకున్నాడు. ఆఖరికి వింజామర విసిరేవాడు కూడా, విసురుతూ విసురుతూనే, అడుగులో అడుగేసుకుంటూ అటు జరిగిపోయాడు. సింహాసనం దగ్గర గాలి ఆగిపోయింది.

"ఒరేయ్! నేనింకా బయల్దేరలేదురా!" అని కేకేశారు రాజుగారు.

ఎవరూ కదల్లేదు.

"పోలయ్యా! నా ఎదుటే ఇంకొకడికి దండం పెడతావా? ఎంత పొగరు నీకు!"

పోలయ్య లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు.

"ఏలినవారు ఎటూ తిరగరు ప్రభూ. జనం మాత్రం, సింహాసనం ఎవరిదైతే అటు తిరుగుతారు."

రాజుగారు గుడ్లప్పగించి సభను చూశారు. వల్లభుడు ఎత్తిన చేయి ఇంకా దించనే లేదు. అది చూసి ఆయనకి ఎక్కడ లేని నవ్వూ వచ్చింది. కిరీటం జారి ఒళ్ళో పడేదాకా నవ్వారు. రాజు నవ్వాడు కాబట్టి సభ కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ మెల్లగా ఇటు వచ్చేసింది.

"ఆ వీధిలో ఒక్క పెంకు కూడా కదలడానికి వీల్లేదు. సంచి పోలయ్యదే!" అని తన మెళ్ళో పచ్చల హారం తీసి వాడి మెళ్ళో వేశారు. బండిశాల కూడా వాడి చేతికే అప్పగించారు.

"నేను కోటలోనే ఉండి రాజ్యం సంగతి..." అని నసిగాడు వల్లభుడు.

"నిన్నిక్కడ వదిలేసి నలభై రోజులు పోతాననుకున్నావా? వెనక ఎక్కు. నీ సంచి నీ ఒళ్ళో పెట్టుకో."

బండి కోటగుమ్మం దాటి, జీనుల వీధి మలుపులో చక్కగా ఎడమకు తిరిగింది. వెనక సీటు మీద వల్లభామాత్యుడు ముఖమల్ మూటను కావలించుకుని ఉన్నాడు. ఆవకాయ నూనె పంచె మీద కారుతోంది. తన ఇంటి గుమ్మంలో నిలబడి చూస్తున్న పోలయ్య భార్య నవ్వు ఆపుకోలేక రెండు చేతులా పొట్ట పట్టుకుంది.