సూరాలు ఎర్రచీర

తొలి ఏకాదశి, గురువారం. పొద్దు నడినెత్తి దాటి రెండు గడియలయింది. ఇది జరిగిన తిథీ, వారమూ, గడియా ఆ పడవవాడి ఇంటివాళ్లందరికీ నోటికి వచ్చు. ఏ సంవత్సరమో మాత్రం ఎవరూ చెప్పలేరు. గోదారి మీద తెరచాప పడవలు తప్ప ఇంకేమీ తిరగని కాలం, అంతే. పడుకున్న స్వామికి ఒక దండం పెట్టుకుని వినండి.

గోదారి ఒంపు తిరిగే చోట ఒక కొండ. కొండ నడుముకి ఒక గుహ. నలుగురు కూర్చుంటే ఐదో మనిషికి చోటుండదు. లోపల రాతిలో మూరెడు పొడుగున శేషుడి మీద పడుకున్న స్వామి. చెక్కించిన రాజు పేరు పోయింది, చెక్కిన చేతి పేరు పోయింది, స్వామి మిగిలాడు. గుహ గుమ్మంలో నిలబడితే ఎగువన రెండు కోసుల గోదారి కళ్లముందుంటుంది.

కొండ కింద రేవు. రేవు పక్కన పడవ నడిపే సత్తిరాజు ఇల్లు. ఇంట్లో తల్లి అచ్చియ్యమ్మ, భార్య వీరాయమ్మ. ఊరందరి బట్టలూ ఉతికేది చాకలి సూరాలు. ఒంటిది. భర్తనీ కొడుకునీ ఒక్కరోజే గోదారి తీసుకుపోయింది.

ఏరువాక పున్నమి వెళ్లింది. గోదారికి ఎర్రనీరు తగిలింది. సత్తిరాజు ఎగువకి వెదురు కోసం వెళ్లాడు.

ఒకనాడు వీరాయమ్మ చూసింది. సూరాలు చంకలో మూటతో కొండెక్కింది, ఉత్తచేతులతో దిగింది. చూసింది, మనసులో వేసుకుంది, పైకి అనలేదు.

ఇంకోనాడు తన ఎర్రచీర ఉతుక్కి వేసి పది రోజులైనా రాలేదు. "మరక వదల్లేదు తల్లీ, ఇంకో నానుడు నాననీ," అంది సూరాలు. ఎక్కడైనా పది రోజులు నానే చీర ఉంటుందా? వింది, మనసులో వేసుకుంది, పైకి అనలేదు.

మరోనాడు నీళ్లరేవులో ఆడవాళ్లు గుసగుసలాడారు. సూరాలు గుహలో స్వామికి వీపు పెట్టి కూర్చుంటుందట. గోదారి వైపు చూస్తూ పెదాలు కదుపుతుందట.

"చిల్లంగి కాకపోతే ఇంకేంటే! మంత్రం చదివేవాళ్లు దేవుడి మొహం చూడలేరు," అంది ఒకామె.

"పాతరేమైనా తవ్వుతోందేమో," అంది ఇంకొకామె.

వీరాయమ్మ వింది, మనసులో వేసుకుంది. ఈసారి ఇంటికొచ్చి అత్తతో అనేసింది.

"ఏకాదశికి ఎలాగూ కొండెక్కుతాం కదే," అంది అచ్చియ్యమ్మ. "కళ్లతో చూసి మాట్లాడదాం."

ఏకాదశి వచ్చింది. అత్తాకోడళ్లు ఉపవాసంతో తులసిదండ పట్టుకుని కొండెక్కారు. గుహ గుమ్మంలో సూరాలు. స్వామికి వీపు పెట్టి కూర్చుంది. ఆమె నెత్తిమీద, గుమ్మానికి అడ్డంగా, గాలికి ఎగురుతూ ఎర్రచీర!

"దొరికిందత్తా!" అంది వీరాయమ్మ.

ఊరి బట్టలు కలిసిపోకుండా సూరాలు ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు పెట్టేది. నల్లజీడి రసంతో, అంచు మూల. వీరాయమ్మ ఇంటి గుర్తు మూడు చుక్కలు. వీరాయమ్మ గబగబా ఆ మూలా ఈ మూలా వెతికింది. నాలుగు మూలలూ తిరగేసింది. ఒక్క చుక్క లేదు.

"గుర్తు కూడా చెరిపేశావా సూరాలూ! ఎంత ఘటానివే!"

"అది నీ చీర కాదు తల్లీ. నీది మా పాకలో దండెం మీదుంది. దీన్ని ముట్టుకోకు, నీకు పుణ్యముంటుంది."

"నాది కాకపోతే ఎవరిది?"

"నాది."

"ముండమోసినదానికి ఎర్రచీరెందుకే?" అంది అచ్చియ్యమ్మ.

సూరాలు మళ్లీ గోదారి వైపు తిరిగింది.

"ఇక్కడెందుకు కట్టావు? అదైనా చెప్పు," అంది వీరాయమ్మ.

"చెప్పకూడదు తల్లీ. నీకసలే చెప్పకూడదు."

ఆ ఒక్క మాటతో వీరాయమ్మ ఒళ్లు మండింది. తనకి చెప్పకూడనిది తనమీద ప్రయోగం కాక మరేమిటి? చీర పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి ఊడింది. కొండగాలి కదా, చేతిలోంచి కొట్టుకుపోయి చీర గోదాట్లో పడింది.

సూరాలు చీర వంక చూడలేదు. ఎగువకి చూసింది. పై ఒంపు దగ్గర ఒక తెరచాప తిరుగుతోంది. లేచి, ఆ ముసలికాళ్లతో కొండ దిగి పరుగెత్తింది.

"చూశావా అత్తా, దొరికిపోయి పారిపోతోంది!"

పారిపోయే మనిషి ఊరివైపు వెళ్లాలి. సూరాలు నీళ్లలోకి వెళ్లింది. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది, రొమ్ము మునిగింది. తర్వాత మెట్టెక్కినట్టు, గోదారి మధ్య మళ్లీ మోకాలి లోతులో లేచి నిలబడింది. పైనుంచి చూస్తే ఆమె కాళ్లకింద దున్నపోతు వీపంత నల్లరాయి కనిపిస్తోంది. పడవలోంచి చూసేవాడికి అక్కడ ఉత్త ఎర్రనీరే. సూరాలు పైట తీసి ఊపింది. ఊపింది, ఊపింది, మూడోసారి ఊపేసరికి పడవ ముక్కు అవతలి ఒడ్డుకి తిరిగింది.

నాలుగోసారికి ఆమె అక్కడ లేదు.

అత్తాకోడళ్లు కొండ దిగేసరికి పడవ రేవుకొచ్చింది. దిగినవాడు సత్తిరాజు. తల్లినీ పెళ్లాన్నీ చూడకముందే కొండవైపు చూశాడు.

"గుహలో గుడ్డ ఏదే?"

సూరాలు కట్టిన చీర తనే లాగేశానని చెప్పింది వీరాయమ్మ.

"కొత్తనీటికి దున్నరాయి మునిగితే అక్కడ ఎర్రగుడ్డ లేస్తుంది. అది చూసి అవతలి ఒడ్డు పడతాం. స్వామే కడతాడనుకున్నాం ఇన్నేళ్లూ."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"గోదారి గండాల మాట పడవవాడి ఇంట్లో ఎత్తకూడదు కదే. మగవాడు నీటిమీదున్నప్పుడు ఆలి చెవిన పడితే ఆ గండం నిజమవుతుందంటారు."

అప్పుడు తెలిసింది వీరాయమ్మకి, సూరాలు నోరెందుకు విప్పలేదో. చీరకి గుర్తెందుకు లేదో కూడా తెలిసింది. ఊరందరి బట్టలకీ గుర్తు పెట్టే మనిషి తన పెళ్లిచీరకి ఎవరి కోసం పెట్టుకుంటుంది?

సాయంత్రందాకా వలలు వేసి వెతికారు. గోదారి ఆమెని ఇవ్వలేదు.

ఈనాటికీ ఆ రేవులో తొలి ఏకాదశి మర్నాడు ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కుంటారు. ఈనాటికీ గుహకెళ్లినవాళ్లు ముందు గోదారిని చూసి, తర్వాతే స్వామికి దండం పెడతారు. పడవ కట్టు విప్పేముందు మగవాడు ఇంట్లోవాళ్లకి గండాలన్నీ పేరుపేరునా చెబుతాడు. చెప్పకుండా బయలుదేరితే "సూరాలుని మళ్లీ నీళ్లలోకి దింపుతావా?" అని ఆడవాళ్లు గడపకి అడ్డంగా కూర్చుంటారు.

సూరాలు పోయిన మర్నాడు, ద్వాదశి తెల్లారింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, పారణ చెయ్యలేదు. సూరాలు పాకలో నానబెట్టిన ఊరిబట్టలు మిగిలిపోయి ఉన్నాయి. వీరాయమ్మ ఆ మూటలు నెత్తినెత్తుకుని చాకిరేవుకి నడిచింది. అచ్చియ్యమ్మ వద్దనలేదు, వెనకాలే వెళ్లింది. సత్తిరాజూ వెళ్లాడు. చీర పిండాలంటే రెండోకొస పట్టుకునే మనిషి కావాలి. ఒక కొస వీరాయమ్మ పట్టుకుంది, ఒక కొస సత్తిరాజు పట్టుకున్నాడు.

"చెప్పు," అంది వీరాయమ్మ. "ఎగువ నుంచి మొదలుపెట్టు. ఒక్కటీ వదలకు."

సత్తిరాజు తల్లివైపు చూశాడు. అచ్చియ్యమ్మ తల ఊపింది. చీర మెలి తిప్పుతూ అతను మొదటి సుడి పేరు చెప్పాడు.