పాఠం ఎవరిది?

రాజధానిలోని పెద్ద బడికి నేతగాడి కూతురు కదిరమ్మ పంతులమ్మ పని నేర్చుకోవడానికి వచ్చింది. మొదటి పాఠం నెగ్గితేనే కొలువు, లేదంటే ఇంటిదారే. పరీక్షించడానికి ప్రధాన పండితుడు అవధాని, దివానుగారిని వెంటబెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు.

కదిరమ్మ గ్రహణం గురించి నోరు తెరవగానే, "అలా కాదు!" అంటూ అవధాని లేచాడు. ఇక కూర్చోలేదు. పిల్లలు ఆవలిస్తున్నా గంట కొట్టేదాకా తనే పాఠం వాయించి, "చూశారుగా దివానుగారూ, ఒక్కరికీ ఒక్క ముక్క ఎక్కలేదు. పాఠం శుద్ధ దండగ!" అన్నాడు.

 కదిరమ్మ చేతులు జోడించి, "పండితులవారి తీర్పు కాదనను. ఈ పాఠం చెప్పినవారు ఇంకెప్పుడూ చెప్పకూడదు. సెలవిస్తే నా పాఠం రేపు చెబుతాను" అంది.

దివానుగారు పగలబడి నవ్వారు. మర్నాడు కదిరమ్మ పాఠం చెప్పి కొలువు గెలుచుకుంది. దివానుగారి ఆజ్ఞ మేరకు అవధాని గుమ్మం బయట కూర్చుని, నోరు మెదపకుండా విన్నాడు.