కన్నులు చెక్కని నూలుబాటమ్మ

పూర్వం, కరికొండ సీమను పాలెగాళ్ళు ఏలుతున్న కాలంలో, ఆ కొండకు తూర్పుగా ఉన్న మగ్గాలపల్లె అనే నేతగాళ్ళ గ్రామంలో లింగక్క అనే వృద్ధురాలు కొడుకు వీరన్న, కోడలు ఎల్లక్క, ఆరేళ్ళ మనవరాలు చౌడమ్మతో కలిసి జీవించేది. ఈ స్థలమహిమలో మునిశాపాలూ రాక్షససంహారాలూ లేవు. వాటిని ఆశించి వచ్చిన భక్తులు కొంత నిరాశపడినా పడవచ్చుగాని, ఒక జేజి, ఒక మనవరాలు, ఒక నూలుపోగు, ఈ మూడింటితోనే జగన్మాత ఇక్కడ వెలసిందని పెద్దలు చెబుతారు. తండ్రిని కన్న తల్లిని ఆ సీమలో జేజి అంటారు.

లింగక్క దినచర్య కోడికూతతో మొదలయ్యేది. పొయ్యి రాజేసి, సంగటికి ఎసరు పెట్టి, మనవరాలికి తల దువ్వి జడవేసి, ఆ తరువాత రాట్నం ముందు కూర్చుంటే పొద్దు వాలేవరకూ కొడుకు మగ్గానికి కండెలు చుట్టేది. అరవై యేళ్ళుగా నూలు వడికిన ఆ వేళ్ళకు తెగిన పోగును అతకడం ఊపిరి తీసినంత సులువు. అయితే నెలకొక్క దినం, అమావాస్యనాడు, నేతగాళ్ళు మగ్గం ముట్టరు. ఆనాడు ఊళ్ళో మగవాళ్ళు అరుగులెక్కి లోకాభిరామాయణం మొదలుపెడితే, లింగక్క మాత్రం సద్దిమూట కట్టుకొని, మనవరాలి చెయ్యి పట్టుకొని, పూటలో పోయి రాగలిగిన వింతలన్నీ చూపించడానికి బయలుదేరేది. వాగు మలుపులో కొంగలు గూళ్ళు పెట్టే మడుగు, చెరువు తూము, పాలెగాడి కోటబురుజు, కొండమీద వాననీళ్ళు నిలిచే దొన, ఇవన్నీ చౌడమ్మకు లోకం. ముసలిదానికి కాళ్ళలో చక్రాలున్నాయని కోడలు విసుక్కునేది గాని, సద్దిలో ఊరగాయ వేయడం ఏనాడూ మరచిపోలేదు.

ఇంత ముచ్చటైన కాలక్షేపం వెనుక లింగక్క ఒక రహస్యాన్ని దాచిపెట్టింది. రెండేళ్ళుగా ఆమెకు చూపు మందగిస్తూ వచ్చి, చివరకు వెలుగుకూ నీడకూ మధ్య తేడా మాత్రమే మిగిలింది. ఆ సంగతి బయటపడితే కొడుకు గడప దాటనివ్వడు, అమావాస్య ప్రయాణాలు అంతటితో సరి. ఇల్లంతా ఆమెకు చేతికొలతే గనుక అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. కొండమీదికి పోయేటప్పుడు మాత్రం మగ్గం కింద రాలిన పేకనూలు ముక్కలను ముడివేసి చుట్టిన ఉండనొకదాన్ని తీసుకుపోయి, దారి పొడుగునా పొదలకు తగిలిస్తూ నడిచేది. తిరిగి వచ్చేటప్పుడు జేజీ మనవరాలూ ఆ పోగు పట్టుకొని దిగేవారు. చౌడమ్మ దాన్ని ఒక ఆట అనుకొనేది. నిజానికి ఆ పోగే లింగక్కకు కళ్ళు.

ఒక శ్రావణ మాసంలో నాలుగు దినాలు ముసురు పట్టి, సరిగా అమావాస్యనాటికి తెరిపి ఇచ్చింది. లింగక్క తొందరలో గంపలోకి చెయ్యిపెట్టి నూలుండను తీసుకొంది. ఆ గంపలోనే కొత్త పడుగును అతకడానికి గంజిపెట్టిన నూలు ముక్కలను ముడివేసి కోడలు దాచిన ఉండ కూడా ఉంది. మామూలు దినాల్లోనైతే గంజినూలు పుల్లలా బిరుసుగా ఉండి వేలికి ఇట్టే తెలిసిపోయేది. ముసురుకు చెమ్మగిల్లి రెండూ ఒకే తీరుగా మెత్తబడ్డాయి. రంగులో తేడా ఉంది గాని, దాన్ని చూడడానికి చూపు కావాలి గదా! గంజినూలు అంటే అన్నం పూసిన నూలు. దాన్ని అడవిలో కట్టడమంటే చీమలనూ ఉడతలనూ విందుకు పిలవడమేనని నేతగాళ్ళ ఇంట పుట్టిన పసిబిడ్డకైనా తెలుసు.

దొన దగ్గర కూర్చొని సద్ది తిన్నాక, నీళ్ళ సొరబుర్రను కింద దారి చీలేచోట మరచిపోయిన సంగతి చౌడమ్మకు గుర్తుకొచ్చింది.

"పోగు పట్టుకోని పో, పోగు పట్టుకోని రా తల్లీ," అన్నది లింగక్క, ఎప్పటిలాగే.

పిల్ల వెళ్ళింది. కొంతసేపటికి కొండమీదికి మబ్బు దిగి చలిగాలి తగిలింది. పిల్ల రాలేదు. లింగక్క కేక వేసింది, కేకకు బదులు రాలేదు. పోగు పట్టుకొని దిగబోతే పది బారలు పోయేసరికి అది తెగి చేతిలోకి వచ్చింది. కొస నోట పెట్టుకొని చూసింది. గంజి రుచి తగిలింది. చేసిన పొరపాటు ఏమిటో ఆ క్షణంలో సర్వమూ తెలిసిపోయింది.

అక్కడే నేలకు వంగి మోకాళ్ళమీద పాకుతూ, తడినేలమీద చేతులతో తడుముతూ, తెగిన ముక్క దొరికినప్పుడల్లా ముందుదానికి అతికి ముడివేసుకొంటూ పోయింది. అరవై యేళ్ళ పనితనమంతా ఆ వేళ్ళలోకి వచ్చింది. ముళ్ళు గీరుకొని చేతులు రక్తమయ్యాయి. కొంతదూరానికి ముక్కలు కూడా దొరకలేదు. బండ మీద మోకరిల్లి, ఇన్నాళ్ళూ కడుపున పుట్టినవాడికైనా చెప్పని మాటను ఆ కొండకు చెప్పుకొని ఏడ్చింది.

"నాకు కండ్లు కనపడవు తల్లీ! రెండేండ్లాయ. దాచిపెట్టినా. తిరగాలనే ఆశకు బిడ్డను అడివి పాలు జేసినా. నన్ను ఏమన్నా జేసుకో, నా బిడ్డ యాడుందో సూపించు!"

అప్పుడు బండకు ఆనించిన ఆమె అరచేతి కింద ఒక పోగు తగిలింది. అది తాను తెచ్చిన నూలు కాదు. గంజి లేదు, పురి లేదు, ఎంత తడిమినా ఎక్కడా ఒక్క ముడి లేదు. ముడి లేని అంత పొడుగు పోగును మనిషి చెయ్యి వడకలేదని లింగక్కకు తెలుసు. దాన్ని విడవకుండా, ఆ వేళ్ళను నమ్ముకొని, పొదలు దాటి గుండ్ల సందులోంచి పాకుతూ ఒక గుహ ముంగిటికి చేరింది. లోపల చౌడమ్మ ఒక నున్నని రాతిమీద తలపెట్టి నిద్రపోతున్నది. పక్కన సొరబుర్ర నిండుగా ఉంది.

కావలించుకొని ఏడుస్తున్న జేజిని చూసి పిల్ల విస్తుపోయింది.

"యాల ఏడుస్తావు జేజీ? నీ మాదిరే ఒక జేజి ఈడ కూసోనుండె. నాకు కండ్లు లేవు, నువ్వు ఈపొద్దు ఏమేం సూసినావో సెప్పమన్యాది. దొన సెప్పినా, కొంగలు సెప్పినా, ఎర్ర పురుగు సెప్పినా. నవ్వుకుంటా ఇన్యాది. నిద్రొస్తే ఒళ్ళో పండుకోమన్యాది."

పిల్ల ఒళ్ళు అని చూపించినచోట ఆ నున్నని రాయి తప్ప మరేమీ లేదు.

దీపాలవేళకు ముందే వీరన్న వెతుక్కుంటూ కొండ సగం ఎక్కి ఆ గుహ దగ్గరికి వచ్చాడు. అతడు నోరు తెరవకముందే లింగక్క దాచినదంతా చెప్పేసింది.

"ఇంక నువ్వు యాడికీ పోవద్దుమ్మా," అన్నాడు.

"పోతాది నాయనా," అన్నది చౌడమ్మ, జేజి చెయ్యి పట్టుకొని. "నేను సూసి సెప్తా గదా."

వీరన్న తల్లి చేతుల రక్తం తన పైపంచెతో తుడిచి, దిగేదారిలో ముందు నడిచాడు. అప్పుడతడు చూశాడు, గుహ ముంగిట మొదలుకొని లింగక్క మోకరిల్లిన చోటు దాకా, నల్లని బండమీద పోగంత సన్నని తెల్లని చార. గోటితో గీరినా అది ఊడలేదు.

ఈ వార్త విని పాలెగాడు స్వయంగా వచ్చి, గుహను గుడిగా కట్టించి, ఆ రాతిలో అమ్మవారి రూపాన్ని చెక్కించాడు. ముఖమంతా తీర్చి శిల్పి కన్నులు చెక్కబోతుంటే, మనవరాలి చెయ్యి పట్టుకొని వచ్చిన లింగక్క అడ్డుపడింది. ఆమెకు అమ్మవారు చూపు తిరిగి ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

"సెక్కొద్దు నాయనా," అన్నది. "అమ్మకు కండ్లొస్తే పిల్లోళ్ళు సెప్పేది మానేస్తారు."

శిల్పి ఉలి దించాడు. నాటినుండి ఆ దేవతకు నూలుబాటమ్మ అని పేరు వచ్చింది. లింగక్క మరో తొమ్మిదేళ్ళు బతికి, ప్రతి అమావాస్యకూ చౌడమ్మ కళ్ళతో లోకం చూసిందని చెబుతారు.

నేటికీ నూలుబాటమ్మకు కన్నులు లేవు, బండమీది తెల్లచార చెరగలేదు. శ్రావణ అమావాస్యనాడు జేజులూ తాతలూ కళ్ళు మూసుకొని ఆ చారమీద నడుస్తుంటే, మనవలూ మనవరాళ్ళూ చెయ్యిపట్టి కొండ ఎక్కిస్తారు. గర్భగుడి ముందు అన్నిటికంటే ముందుగా ఒక బిడ్డను నిలబెడతారు. బస్సు కిటికీలోంచి చూసిన నెమలో, మెట్లమీద కునికే కుక్కో, తాత చెప్పు తెగిన వైనమో, ఆ బిడ్డ దారిలో చూసిందంతా అమ్మకు చెబుతుంది. అది చెప్పి ముగించేదాకా పూజారి గంట ముట్టుకోడు.