మహారాజు నడుముకు తాడు

ఓ జాలరి పల్లె తీరాన సముద్రం అడుగున పగడాల తోట ఉండేది. దాన్ని చూడ్డానికి చేపలే ఏడు సముద్రాల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవంటే, ఇక మనుషుల సంగతి చెప్పాలా! ఆ చేపలే పల్లెకు తిండి. తోట పోతే పల్లెకు పస్తే.

వారసుడు లేని గజకేతు మహారాజు ఓనాడు పడవెడు బావమరదుల్ని వెంటేసుకొచ్చి, “అడుగునున్న పెద్ద పగడపు చెట్టును నా చేత్తోనే నరికి సింహాసనం చేయించుకుంటా” అన్నాడు.

పడవ నడిపేది పల్లెవాడు ముత్యాలు. ఔనంటే పల్లెకు పస్తు. కాదంటే తల పోతుంది.

“చిత్తం దొరా. చూసి రావడానికైతే ఒక్క మునక చాలు. నరకాలంటే నడుముకు రాయీ తాడూ కట్టుకుని దిగాలి. పైన తాడు బావమరిదే పట్టాలి. తోబుట్టువు పసుపుకుంకుమల కోసమైనా లాగుతాడని మా ఆచారం. తమరి తాడు ఎవరు పడతారో?”

“నేను పడతా బావా!”

“నువ్వాగరా, నేను!”

బావమరదులంతా తాడు మీద పడేసరికి పడవ ఆకాశాన్ని తాకి దిగింది. మహారాజు ఒక్కొక్కరి కళ్ళలోకీ చూశాడు. ప్రతి కంట్లోనూ తన సింహాసనమే కనిపించింది.

“చూసొస్తా, చాలు” అని రాయీ తాడూ లేకుండా ఒక్క మునక వేసి పైకొచ్చాడు.

“ఆ చెట్టు జోలికి ఎవరూ పోవద్దు ముత్యాలూ. నన్ను చూసి చేపపిల్లలు అందులో దాక్కున్నాయి. వాటికైనా దాక్కునే చోటుండనీ.”