పాటకు పెట్టిన పిండం

జీడిపాలెంలో ముగ్గురు అన్నదమ్ములుండేవారు. వాళ్ళంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల నాలుగూళ్ళలో లేరు. ఆ మాట ఎవరన్నారూ అంటే, వాళ్ళే అన్నారు. వానలో తడవకుండా ఉండాలంటే ఇంట్లోనే నెత్తిన కడవెడు నీళ్ళు పోసుకుని బయల్దేరాలని కనిపెట్టింది వాళ్ళే. "ఇంక వాన మనల్నేం తడుపుతుందిరా!" అని పెద్దవాడు గవరయ్య అంటే, "మన బుర్రలు మామూలు బుర్రలా!" అని తమ్ముళ్ళు పైడయ్య, సన్నాసి గంతులేసేవారు. గవరయ్య పెళ్ళాం గౌరమ్మ కూడా వాళ్ళకు ఏమాత్రం తీసిపోదు.

ఈ ముగ్గురూ రామాలయంలో భజన చేసేవారు. హార్మోనియం పెట్టె గుడిదే. కానీ వాళ్ళ నాన్న దాన్ని నలభై ఏళ్ళు వాయించాడు. ఆయన వేళ్ళు పడీపడీ మెట్లు గుంటలు పడ్డాయి. ఆ గుంటల్లో తన వేళ్ళు పెడితే నాన్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది గవరయ్యకు.

ఉగాదినాడు భజన పెద్ద అచ్యుతం పంతులుగారు వీళ్ళ పాట విని తల పట్టుకున్నారు.

"రాగముంది, తాళముంది. ప్రాణమే లేదురా నాయనా! శ్రీరామనవమి పందిట్లో ప్రాణమున్నది ఏదైనా వినిపించారా, సరే. లేదా, ఈ పెట్టె పక్కూరి మేళానికి ఇచ్చేస్తాను."

ఇంకేముంది! గవరయ్య పెట్టెను గుండెకు హత్తుకుని ఇంటికి పరుగెత్తాడు.

"ప్రాణం లేదంటే పోయినట్టేగా?" అన్నాడు ఏడుస్తూ.

"పోయిందో లేదో చూసుకోకుండా ఏడుస్తావేం మావా? ముక్కు దగ్గర దూది పెట్టి చూడు," అంది గౌరమ్మ.

పెట్టెకు ముక్కేదో ఎవరికీ తెలీలేదు. ఏదో ఒక కన్నం దగ్గర దూదిపింజ పెట్టి, గవరయ్య తిత్తి ఆడించాడు. దూది కదిలింది.

"బతికే ఉంది!" అని చప్పట్లు కొట్టారు.

చెయ్యి నొప్పెట్టి ఆపాడు. దూదీ ఆగింది.

"అయ్యో, పోయింది!" అని ఘొల్లుమన్నారు. మళ్ళీ ఆడించాడు. "వచ్చింది!" ఆపాడు. "పోయింది!" మధ్యాహ్నం దాకా ఆ పెట్టె పద్దెనిమిదిసార్లు చచ్చి పద్దెనిమిదిసార్లు బతికింది. చివరికి గవరయ్య చెయ్యి లేవలేదు. అంతే, పోయింది.

"అన్నా, కథల్లో రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది కదా," అన్నాడు సన్నాసి. "మన పాటదీ అక్కడే ఉండుంటుంది."

"ఏడు సముద్రాలు ఎక్కణ్ణుంచి తెస్తాంరా?"

"సముద్రాలెందుకు? ఊరి కాలువుంది. దాన్నే ఏడుసార్లు దాటితే సరి!"

ఏం బుర్ర! ఏం బుర్ర! చిలక దొరగ్గానే ప్రాణాన్ని అక్కడికక్కడే ఎక్కించెయ్యొచ్చని పెట్టెను కూడా నెత్తిన పెట్టుకుని దిగారు. ఒకటి, రెండు, మూడు... నాలుగో సముద్రంలో పైడయ్య కాలు జారింది. పెట్టె బుడుంగుమంది. దాన్ని పైకి తీసి మిగతా మూడూ దాటారు. అవతలి గట్టున తుమ్మచెట్టు మీద చిలక ఉండనే ఉంది.

"అమ్మా, మా పాట ప్రాణం ఇచ్చెయ్యవే," అన్నాడు గవరయ్య. చిలక తుర్రుమంది.

ఇంటికి రావాలంటే ఎనిమిదోసారి దాటాలి. ఎనిమిదో సముద్రం ఏ కథలోనూ లేదే! రెండు రోజులు అవతలే కూర్చున్నారు. ఆఖరికి గౌరమ్మ ఇవతలి గట్టున నిలబడి, "ఓ మావా, అది సముద్రం కాదు, కాలువే!" అని కేకేస్తే అప్పుడు దాటొచ్చారు. తిత్తి ఆడిస్తే పెట్టె కుయ్ అనలేదు. దూది పెడితే దూదే తడిసింది.

ఇంకేముంది, కర్మ చెయ్యాలి. పదోనాటి దాకా ఆగితే నవమి దాటిపోతుందని ఎనిమిదోనాడే గౌరమ్మ అన్నం ముద్ద చేసి గట్టున పెట్టింది. కాకి ముడితే పోయినవాళ్ళ ఆత్మ తృప్తి పడ్డట్టు. కాకి వచ్చింది గాని, వేపకొమ్మ దిగదు. తీరని కోరికేదో ఉంటే అలాగే దిగదట. తీరుస్తామని మాటివ్వాలి.

"పాటా, నీకు పట్టుగుడ్డ కప్పుతాం," అన్నాడు పైడయ్య. దిగలేదు.

"నిన్ను రోజూ మేమే పాడతాం," అన్నాడు సన్నాసి. కాకి ఇంకా పైకొమ్మకు పోయింది.

గవరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకెప్పుడూ నిన్ను పాడం తల్లీ. ఒట్టు."

కాకి రివ్వున దిగి ముద్దంతా తినేసింది!

నవమినాడు పందిరి నిండా జనం. ముగ్గురూ పెట్టె ముందు నోళ్ళు బిగించి కూర్చున్నారు.

"పాడరేంరా?" అన్నారు పంతులుగారు.

"పాట పోయిందండి. కర్మ కూడా అయిపోయింది. కాకి ముట్టింది," అన్నాడు గవరయ్య.

"పోయిందా? ఎలా పోయిందో చెప్పి చావు!"

గవరయ్య చెప్పాడు. దూది సంగతి చెబితే జనం ఫక్కుమన్నారు. ఎనిమిదో సముద్రం దగ్గరకొచ్చేసరికి పిల్లలు పొట్టలు పట్టుకుని దొర్లారు. నాన్న వేళ్ళుండే గుంటల్లో ఇప్పుడు కాలువ బురద ఉందని చెప్పి గవరయ్య చూపుడువేలితో మెల్లగా తుడిచాడు. దొర్లే పిల్లలు లేచి కూర్చున్నారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎలా వస్తుందో గాని, ఆ క్షణాన పందిట్లోకి ఏదో వచ్చి అందరి మధ్యా కూర్చుంది.

పంతులుగారు కండువాతో ముక్కు చీదుకున్నారు. "ఇదిగో, ఇప్పుడొచ్చిందిరా ప్రాణం! పాటలో రాకపోతే కథలో వచ్చింది. పెట్టె మీ దగ్గరే ఉండనీండి. ఎండలో ఆరబెట్టండి, నేను బాగు చేయిస్తాను."

"గౌరీ, ప్రాణం వచ్చిందటే!" అని గవరయ్య పెట్టెను కావలించుకున్నాడు.

"వచ్చిందా! అయ్యో, ఎనిమిది రోజుల పస్తు కదా మావా! ముద్ద చూస్తే కాకి తినిపోయె!"

అంతే. ఎవరూ ఆపేలోగా గౌరమ్మ నవమి పానకం బిందె ఎత్తి తిత్తిలో గడగడా పోసేసింది. పంతులుగారు "అయ్యయ్యో!" అనేలోపు అన్నదమ్ములు పెట్టెను భుజాన వేసుకుని వీపు తట్టారు. లోపల్నుంచి గుడుక్కుమంది.

"త్రేన్చింది, త్రేన్చింది!" అని ఎగిరారు తమ్ముళ్ళు.

గౌరమ్మ మూతి మీద వేలేసుకుని పందిరంతా కలియజూసింది.

"ష్! కడుపు నిండి నిద్రపోతోంది. ఇంకెవరూ పాడకండి, లేస్తుంది!"