దొడ్డిపక్క మడి

వాగు ఒడ్డున పశువులే సేద్యం చేసుకునే చెలక ఒకటుండేది. దానికి పెద్దదిక్కు వీరన్న అనే ముసలి ఎద్దు. కష్టానికి వెనుదీసే రకం కాదు గానీ, ఎవరైనా దీనంగా మాట్లాడితే ఇట్టే కరిగిపోయేవాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

వీరన్న కొట్టంలో ఒక కుండ, కుండలో ఆవాల విత్తనం. తల్లి పోతూ పోతూ అప్పగించింది. మొక్క పొట్టిదే, కానీ వాన మొహం చాటేసినా కాయ నిండేది. గింజ గానుగాడగా మిగిలిన చెక్క తినే, కొట్టంలో దూడలు ఎండాకాలం గట్టెక్కేవి.

ఒకరోజు వాగు అవతలి నక్క జంబయ్య కొత్త విత్తనం మూటతో దిగాడు.

"ఇంకా ఆ పొట్టి విత్తనమేనా మామా? నాది నీ కొమ్ములను అందుకుంటది. నమ్మకుంటే చెరో మడిల ఏసి చూద్దాం. గెలిచిందే ఇకముందు చెలకంతా."

"న్యాయంగనే ఉంది," అన్నాడు వీరన్న.

"కాకపోతే నా మోకాళ్లు పట్టేసినయి. దూరం నడవలేను. దొడ్డిపక్క మడి నాకియ్యి."

"అయ్యో, అదెంత భాగ్యం అల్లుడా! నాది గట్టు మీది మడిల ఏసుకుంట."

అది విని కోడి పుల్లమ్మ ఉరికొచ్చింది. "గిదేం పోటీ మామా? దొడ్డిపక్క గీకితే నోటినిండ ఎర్రలు దొరుకుతయి. గట్టు మీద గీకితే నా గోర్లే అరుగుతయి!"

"నువ్వూర్కో పుల్లమ్మా. ఒకటే దినం ఇత్తుతున్నం, ఒకటే వాన పడతది. ఇంకేం గావాలె?"

చలికాలం సగమయ్యేసరికి నక్క మడి పచ్చగా పూసి, కొమ్ములదాకా లేచింది. కాయ కూడా బాగానే పట్టింది. గట్టు మీది పొట్టి పైరు దాని ముందు వెలవెలబోయింది. ఏళ్లతరబడి నమ్ముకున్న విత్తనం వీరన్న కంటికి ఆనలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా!

"ఓడిన విత్తనం నీకెందుకు మామా? నాకియ్యి, పిల్లలకు వేయించి పెడత," అన్నాడు జంబయ్య. కుండలోదీ, గట్టు మీద పండిందీ, గింజ మిగల్చకుండా వీరన్న ఊడ్చి ఇచ్చాడు.

మరుసటేడు చెలకంతా కొత్త విత్తనమే. పైరు ఏపుగా లేచింది. కోసి నూర్చితే అంతా తాలు. గానుగలో పోయడానికి దోసెడు గింజల్లేవు.

"గీ విత్తనమే నిరుడు గట్ల పండె గద, పుల్లమ్మా?"

కోడి తల దించుకుంది. "నిరుడు అది పెంటకుప్ప ఉన్న జాగల పండింది మామా. పదేండ్లు నువ్వు మోసి పోసిన పేడ."

ఆ మడికి ఎన్ని తట్టలు మోశాడో వీరన్న మూపుకు తెలుసు. గెలిచింది నక్క విత్తనం కాదు, తన చాకిరీయే. వాణ్ణి గెలిపించిందీ తనే, తల్లి విత్తనాన్ని ఓడించిందీ తనే. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

వాగు దాటి వెళ్లాడు. జంబయ్య చెలకలో పొట్టి పైరు కాయల బరువుకు వంగి ఉంది. చూడగానే పోల్చుకున్నాడు.

"వేయించి పెడతనంటివి గద అల్లుడా. పిడికెడు గింజలియ్యి. మా అమ్మ విత్తనం."

"ఇస్త. ఏడాది నా కాడి మొయ్యి, ఆఖర్ల పిడికెడిస్త."

"అందాక కొట్టంల దూడలేం తినాలె?"

"నీ పైరు కొమ్ములదాక పెరిగింది గద మామా. ఆ కట్టెలు నమలమను."

వీరన్న మెడ వంచాడు. జంబయ్య పురమాయించిన మొదటి పని, దొడ్డిలో పెంటంతా వాగు దాటించి నక్క చెలకలో పోయడం.

నీతి: పంటకు పంట పోల్చేవాడు, ముందు మట్టికి మట్టి పోల్చాలి.